కృష్ణానది, జలవిద్యుత్తు – మారుచున్న వానల లెక్క

ఏతముతో మడికి నీరు తోడిన పెద్దలకు ఒక సంగతి ఎవరును చెప్పకయే తెలియును. బావిలో నీరు ఎంత లోతునకు దిగిన, తోడుటకు అంత ఎక్కువ బలము కావలయును. జలవిద్యుత్కేంద్రము ఈ పనినే తలక్రిందులుగా చేయును. ఎత్తున నిలిచిన నీరు క్రిందికి దుమికినపుడు ఆ బలమును టర్బైను అందుకొనును. జనరేటరు దానిని విద్యుచ్ఛక్తిగా మార్చును. కావున ఉత్పత్తి రెండు విషయములపై ఆధారపడి యున్నది. వచ్చిన నీరు ఎంత? అది పడిన ఎత్తు ఎంత?

ఒక టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. అది 80 మీటర్ల ఎత్తు నుండి పడినచో, యంత్రములలో పోవు నష్టమును తీసివేయగా సుమారు 54 లక్షల యూనిట్లు లభించును. జలాశయము తగ్గి 60 మీటర్ల నుండియే పడినచో, అదే నీటికి సుమారు 41 లక్షల యూనిట్లు మాత్రమే వచ్చును. అనగా కరవు సంవత్సరమున నష్టము రెండు విధములు: నీరును తక్కువ, ఉన్న నీటికి బలమును తక్కువ.

మన కృష్ణానది మహాబలేశ్వరము వద్ద పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటకములను దాటి మన ప్రాంతమునకు వచ్చుచున్నది. దీనికి హిమాలయ నదులకు వలె మంచు కరగి వచ్చు నీరు లేదు. ఏడాది ప్రవాహములో పెద్ద పాలు నైరుతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే రావలయును. ఆ నీటిపై శ్రీశైలమున కుడిగట్టు కేంద్రము 770 మెగావాట్లు, ఎడమగట్టు భూగర్భ కేంద్రము 900 మెగావాట్లు స్థాపిత సామర్థ్యము కలిగి యున్నవి. దిగువన నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రము 800 మెగావాట్లకు పైబడినది.

ఇక వానల సంగతి. భూగోళముపై గాలి వేడెక్కుచున్నది. ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడి పెరిగిన, గాలి సుమారు 7 శాతము ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. అంతటి ఆవిరిని మోసిన మేఘము కురిసినపుడు కుండపోతగా కురియును. కురియని దినములలో అదే వేడి చెరువుల నీటిని, నేలలోని పదనును పీల్చివేయును. మధ్య భారతమున 1950, 2015 సంవత్సరముల నడుమ విస్తారమైన అతివృష్టి సంఘటనలు ఇంచుమించు మూడింతలైనట్లు శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెలలో నిదానముగా పడు వాన వేరు, రెండు దినములలో అంతయు కుమ్మరించు వాన వేరు. వర్షమాపకములో రెండును ఒకే అంకె చూపవచ్చును. టర్బైనుకు మాత్రము ఒకటి కావు.

2009 వ సంవత్సరమును తలచుకొనుడు. ఆ యేట దేశమున నైరుతి వర్షపాతము సాధారణము కన్న 22 శాతము తక్కువ. రైతులు ఆకాశము వంక చూచి చూచి విసిగిరి. అట్టి యేట అక్టోబరు ఆరంభములో శ్రీశైలమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. 885 అడుగుల పూర్తి మట్టమును దాటి నీరు 896 అడుగులకు పైగా నిలిచెను. కర్నూలు పట్టణము మునిగెను. ఒక్క వరదను పట్టుకొని దానికి వాతావరణ మార్పే కారణమని తీర్పు చెప్పుట న్యాయము కాదు. కాని కరవును వరదయు ఒకే ఏట ఎట్లు రాగలవో చూపుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము లేదు.

ఆ వరదతో విద్యుత్తు ఎంత చేయవచ్చును? శ్రీశైలములోని రెండు కేంద్రములు పూర్తిగా నడిచినను వాడుకొనగల నీరు సుమారు 80 వేల క్యూసెక్కులు. 25 లక్షలలో ఇది ముప్పదింట ఒక పాలు. మిగిలినది గేట్ల మీదుగా దుమికి పోవలసినదే. గేట్లు ఎత్తినపుడు చూచుటకు జనము తండోపతండములుగా వత్తురు, ఆ దృశ్యము చూడదగినదే. కాని టర్బైను తిప్పక పోయిన నీరే అచ్చట తెల్లగా నురుగు కట్టుచున్నది.

2023 ఆగస్టు, 1901 నుండి దేశమున అన్నిటి కన్న పొడిగా గడిచిన ఆగస్టు. ఎగువ జలాశయములు నిండిన తరువాతనే మనకు నీరు రావలయును గనుక, వాన తగ్గిన యేట ఆ లోటు దిగువన మరింత పెద్దదై కనబడును. మరుసటి యేట 2024 జూలై చివరనే శ్రీశైలము గేట్లు ఎత్తవలసి వచ్చెను. సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులు మించిన వరద పారెను. అందులో కొంత మునేరు వంటి ఏరుల నుండి వచ్చినది. పెద్ద ఆనకట్టలకు దిగువన కలిసిన ఆ నీరు శ్రీశైలములో గాని, సాగర్‌లో గాని ఒక్క యూనిట్టును ఇచ్చినది కాదు.

వరదను పట్టి దాచుకొనుటకే గదా జలాశయమనవచ్చును. నిజమే. కాని కుండపోత వాన పొలముల మన్నును కోసికొని వచ్చును. శ్రీశైల జలాశయము తొలుత 308 టి.ఎం.సి.లు పట్టునట్లు కట్టబడినది; పూడిక చేరి ఇప్పుడు సుమారు 215 టి.ఎం.సి.లే పట్టుచున్నది. దాచుకొను అవసరము పెరుగుచుండగా దాచు కుండ చిన్నదగుచున్నది.

మరియొక చిక్కు గలదు. శ్రీశైలము తొలుత విద్యుత్తు కొరకే తలపెట్టబడిన ప్రాజెక్టు. తరువాత త్రాగునీరు, సాగునీరు దానిపై ఆధారపడినవి. రాయలసీమకు నీరిచ్చు పోతిరెడ్డిపాడు తూములకు జలాశయ మట్టము ఎత్తుగా నుండవలయును. కల్వకుర్తి ఎత్తిపోతలయు ఆ నీటినే తోడుచున్నది. టర్బైను ద్వారా వదలిన నీరు సాగర్ చేరును గనుక సాగర్ ఆయకట్టుకు నష్టము లేదు. ఎగువ వారికి మాత్రము మట్టము దిగిపోవును. వానలు సకాలమున పడిన యేట ఈ తగవు వినబడదు.

కొంత ఉపాయము యంత్రములలోనే యున్నది. శ్రీశైలము ఎడమగట్టునను, సాగర్‌లోను గల కొన్ని టర్బైనులు త్రిప్పి నడిపిన పంపులగును. పగటి వేళ సౌరవిద్యుత్తు మిక్కుటముగా నున్నపుడు దిగువ నీటిని పైకి తోడి, సాయంకాలము దీపములు వెలిగించు వేళ మరల వదలవచ్చును. కాని దీనికిని దిగువన నిలువ నీరు ఉండవలయును గదా.

వానకాలమున పత్రికలలో జలాశయ మట్టములు ప్రకటింతురు. శ్రీశైలమునకు 885, సాగర్‌కు 590 అడుగులు పూర్తి మట్టమని గుర్తుంచుకొని, ఆ ప్రక్కన నున్న మూడు అంకెలు చూడుడు: లోనికి వచ్చిన నీరు, విద్యుత్కేంద్రము ద్వారా వదలినది, గేట్ల ద్వారా వదలినది. మూడవ అంకె రెండవ దానిని మించిన దినములు ఏటేట ఎన్ని యగుచున్నవో ఒక పుస్తకమున వ్రాసి పెట్టుకొనినచో, నది నడక ఎట్లు మారుచున్నదో మీ ఊరిలో కూర్చుండియే తెలిసికొనవచ్చును.