పంచకాల ప్రక్రియ - గృహస్థుని దినవిభాగము

కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతమున, కుందూనది పరీవాహమునందు, పెద్దముడియము అను గ్రామము కలదు. తూర్పు చాళుక్యుల 11వ శతాబ్ది శాసనములలో కన్పించు ముడివేము అగ్రహారము ఇదియేయని చరిత్రకారులు పలువురు గుర్తించిరి. ఆ శాసనములు చెప్పు గాథ ఇట్లున్నది: అయోధ్యనుండి దక్షిణాపథమునకు వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవునితో పోరి మరణించెను. గర్భవతియైన ఆయన రాణి పురోహితునితోడను, వృద్ధామాత్యులతోడను ఈ అగ్రహారము చేరెను. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నకూతురివలె కాపాడి, ఆమెకు జన్మించిన విష్ణువర్ధనునకు వంశోచితములైన సంస్కారములు జరిపించెను. ఇందులో చరిత్ర యెంత, కల్పన యెంత అను విచారము పండితులది. గృహస్థులు గమనింపదగిన అంశము వేరొకటి కలదు.

సోమయాజి అనగా సోమయాగము చేసినవాడు. సాయంప్రాతఃకాలములందు అగ్నిహోత్రము విడువరానివాడు. అంతటి కట్టుబాటు గల యింటికి ఒకనాడు శత్రుభయముతో దిక్కులేని గర్భిణి వచ్చెను. ఏది ముందు, ఏది వెనుక? దినమును నియమముగా పంచుకొనినవానికే ఈ ప్రశ్న నిజముగా ఎదురగును. ఏ నియమమును లేనివానికి ఏది తప్పినను తెలియనే తెలియదు గదా!

వైష్ణవ సంప్రదాయమున దినమును పంచుకొను పద్ధతికి పంచకాల ప్రక్రియ అని పేరు. అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అనునవి ఆ అయిదు కాలములు. జయాఖ్య సంహిత మొదలగు పాంచరాత్రాగమములందు ఇది చెప్పబడినది. ఆ మతమును విమర్శించిన శంకర భగవత్పాదులు సైతము బ్రహ్మసూత్ర భాష్యమున ఈ అయిదింటిని పేర్కొని, ఇట్టి భగవదారాధనము తమకు సమ్మతమే యనిరి. తరువాతి కాలమున వేదాంత దేశికులు (1268-1369) పాంచరాత్ర రక్ష యందు ఈ నిత్యానుష్ఠానమును విస్తరించి సమర్థించిరి.

బ్రాహ్మముహూర్తమున లేచుటతో అభిగమనము మొదలగును. ముహూర్తమనగా రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు. సూర్యోదయమునకు గంటా ముప్పదియారు నిమిషముల ముందు బ్రాహ్మముహూర్తము ప్రవేశించును. స్నానసంధ్యలు ముగించి స్వామి సన్నిధికి పోయి, ఆ దినమున చేయబోవు పనులన్నియు ఆయన కైంకర్యముగా సాగవలెనని ప్రార్థించుట అభిగమనము. పని మొదలుపెట్టుటకు ముందే ఆ పని యెవరిదో తేల్చుకొనుట యన్నమాట.

తరువాతిది ఉపాదానము. ఆరాధనకు కావలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట దీని యర్థము. తులసియు పువ్వులు మాత్రమే ద్రవ్యములని కొందరి తలంపు. నైవేద్యమునకు బియ్యము ఎక్కడనుండి వచ్చును? దీపమునకు నూనె ఎవరు తెత్తురు? గృహస్థుని న్యాయార్జనము అంతయు ఉపాదానములోనిదే. పొలమునకు పోవు రైతు, అంగడి తెరచు వర్తకుడు, కచేరీకి పోవు ఉద్యోగి పూజ ముగించి లోకములోనికి పోవుచున్నామని భావింపనక్కరలేదు. పూజలోని రెండవ భాగమునకు పోవుచున్నారు. అందువలననే ఆ సంపాదన అక్రమమైనచో తరువాతి ఇజ్య కూడ చెడునని పెద్దలు హెచ్చరింతురు.

మధ్యాహ్నము ఇజ్య: ఆరాధనము, నివేదనము, అతిథిపూజ, పిదప తాను భుజించుట. ఆ భోజనమును సైతము అనుయాగమనిరి. అపరాహ్ణమున స్వాధ్యాయము; ఇతిహాస పురాణములు, దివ్యప్రబంధము చదువుట, వినుట. సాయంసంధ్య పిదప భగవంతుని ధ్యానించుచు నిద్రించుట యోగము. దక్షస్మృతి పగటిని ఎనిమిది భాగములు చేసి, పోష్యవర్గమును పోషించు సంపాదనకు మూడవ భాగము నిచ్చినది. సంఖ్య వేరైనను ప్రాతఃకాలము దేవునిదే, ముందటి పూట జీవనముదే.

ఇంతవరకు సులభమే. వేళలు ఒకదానిపై నొకటి పడినపుడే చిక్కు. దానికి ధర్మశాస్త్రము నిత్యము, నైమిత్తికము, కామ్యము అను మూడు తరగతులు ఏర్పరచినది. అనుదినము చేయక తప్పనిది నిత్యము. నిమిత్తము కలిగినపుడు చేయవలసినది నైమిత్తికము. గ్రహణ స్నానము వంటిది. ఫలమును కోరి చేయునది కామ్యము. మీమాంసకులు ఇక్కడ ఒక సూక్ష్మమును చెప్పిరి. నిత్యకర్మ యథాశక్తిగా చేసినను చెల్లును. అంగములు కొన్ని లోపించినను కర్మ నిలుచును. కామ్యమట్లు కాదు, సర్వాంగములతో పూర్తి చేయగలిగినపుడే పూనుకొనవలెను. సాధారణముగా మనుష్యులు చేయునది దీనికి తలక్రిందులు. తీరిక లేదని నిత్యమును పూర్తిగా మానుదురు. కోరికపై పెద్ద వ్రతములు మొదలుపెట్టి సగములో విడుతురు. సంధ్యకు వేళ మించినచో ప్రాయశ్చిత్తార్ఘ్యము ఒకటి అధికముగా నిచ్చి సంధ్యను చేయుమన్నారే గాని, వేళ పోయినది కావున నేటికి మానుమనలేదు.

పెద్దముడియము చుట్టుప్రక్కల నల్లరేగడి భూములు. ఆశ్వయుజ కార్తికములలో వాన వెలిసిన పిదప నేల పదునుగా నుండు కొలది దినములలో శనగ విత్తవలెను. అదను తప్పినచో ఆ యేటి పంటకే ముప్పు. అట్టి ఉదయమున గృహస్థుడు రెండు ఘడియల పూజను తులసిదళముతోడను, తీర్థముతోడను క్లుప్తముగా ముగించి పొలమునకు పోయినచో నిత్యలోపము లేదు. ఆకు, పువ్వు, పండు, నీరు భక్తితో నిచ్చిన చాలునని గీతాచార్యుని మాట గదా. ఇంటనున్న ఇల్లాలు దీపము పెట్టి నివేదన జరుపును. పంచకాలములు ఒక్కని భుజములపైననే నడచునవి కావు. విత్తనము ముగిసిన మరునాడు పూజ తిరిగి తన నిడివికి రావలెను. క్లుప్తము అలవాటుగా మారుటయే కీడు.

రెండు నిత్యములే పరస్పరము విరోధించినపుడో? శ్రీమద్భాగవతము నవమస్కంధమున అంబరీషోపాఖ్యానము ఆ చిక్కును చూపును. ఏడాది ద్వాదశీవ్రతము సల్పిన అంబరీషుడు పారణకు సిద్ధపడుచుండగా దుర్వాసుడు వచ్చెను. రాజు భోజనమునకు ఆహ్వానింప, ముని అంగీకరించి కాళిందికి స్నానమునకేగి ఎంతకును రాడాయెను. ద్వాదశి ఇక అర్ధముహూర్తమే, అనగా ఒక్క ఘడియయే మిగిలినది. పారణ తప్పిన వ్రతభంగము. అతిథికంటె ముందు తినిన అపచారము. రాజు తొందరపడలేదు, చేతులు ముడుచుకొని కూర్చుండనూ లేదు. ధర్మజ్ఞులైన బ్రాహ్మణులను పిలిచి అడిగెను. జలపానము భుజించినట్లును అగును, భుజింపనట్లును అగునని తేలెను. ఆయన నీరు మాత్రము త్రాగి మునికై నిరీక్షించెను. దుర్వాసుడు ఆగ్రహించి కృత్యను పంపుటయు, సుదర్శనము దానిని దహించి మునిని తరుముటయు అందరెరిగినదే. అందరు అంతగా తలపనిది మరియొకటి కలదు. ముని లోకములన్నియు తిరిగి వచ్చుటకు ఒక సంవత్సరము పట్టెను. అంతకాలమును రాజు నీటితోనే గడపి, ముని భుజించిన పిదపనే తాను భుజించెను. ఆ ఘడియలో అతిథిధర్మమును ఆయన త్రోసిపుచ్చలేదు. వెనుకకు జరిపి, తరువాత పూర్తిగా తీర్చెను.

దినమును ఆరంభించు విధమునకు తిరుమలలో ఒక దృష్టాంతము కలదు. అక్కడి ఆరాధనము వైఖానసాగమ ప్రకారము జరుగును. తోమాలసేవ పిదప స్నపనమండపమున కొలువు శ్రీనివాసమూర్తికి దర్బారు జరుగును. అందు ఆనాటి తిథి వార నక్షత్రములు, జరుగబోవు ఉత్సవములు చదివి, నిన్నటి హుండీ ఆదాయమును స్వామికి విన్నవింతురు. నిన్నటి లెక్క అప్పజెప్పనిదే నేటి పని సాగదు. యాత్రికులు సుప్రభాతమును ఇంటికి తెచ్చుకొనిరి గాని కొలువును తెచ్చుకొనినవారు అరుదు. ఉదయము పంచాంగము విప్పి, నిన్న చేసినదేమి, మిగిలినదేమి అని స్వామి ఎదుట చెప్పుకొనుటకు పావుఘడియ చాలును.

ఆ స్వామినే కొలిచిన తాళ్లపాక అన్నమాచార్యులు కూడ ఈ కడప సీమవారే. ఆయన 1424వ సంవత్సరము మొదలుకొని 1503లో పరమపదించువరకు సంకీర్తనములు రచించెననియు, అవి 32,000 అనియు సంప్రదాయము. 79 సంవత్సరములకు దినములు లెక్కింప ఇంచుమించు 28,850 వచ్చును. అనగా దినమునకొకటికి కొంచెము మించినది. ఆ దినములలో పండుగలు, ప్రయాణములు, జ్వరములు, ఇంటి శుభాశుభములు అన్నియు ఉండియే యుండును.