రక్త కేన్సరు చికిత్స – మూడు పరీక్షలు

రక్త కేన్సరు పేరు విన్నంతనే మనకు మృత్యుభయము కలుగుట సహజము. కాని వానిలో ఒకటైన దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా నేడు పలువురు రోగులలో మాత్రలతోనే అదుపులో నుండుచున్నది. ఇమాటినిబ్ అను ఔషధము 2001లో అమెరికాలో ఆమోదము పొందినది మొదలు ఈ మార్పు వచ్చినది. అయితే మాత్ర పనిచేయుచున్నదని తెలుసుకొనుట ఎట్లు?

చికిత్స మొదలైన కొన్ని వారములలోనే తెల్లకణముల సంఖ్య సాధారణ స్థితికి రావచ్చును. రోగి ఆరోగ్యవంతునివలె తిరుగాడును. ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది. వ్యాధి పోయినదని తలచి తనంత తాను మాత్రలు మానివేసినచో, దాగియున్న కణములు మరల పెరుగగలవు.

1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగుల కణములలో కురచయైన క్రోమోసోము నొకదానిని కనుగొనిరి. వారు పనిచేసిన నగరము పేర అది ఫిలడెల్ఫియా క్రోమోసోమైనది. (ఆ నగరమునకు ఈ కీర్తి అక్కరలేదేమో!) తొమ్మిదవ, ఇరువది రెండవ క్రోమోసోములు తునకలను మార్చుకొనుటచే అది ఏర్పడునని 1973లో జానెట్ రౌలీ అను విదుషీమణి చూపిరి. మూడు పరీక్షలును ఈ మార్పునే వెదకును. వెదకు తీరు మాత్రము వేరు.

మొదటిది, ఎముకలోని మూలుగను తీసి, విభజన చెందుచున్న కణముల క్రోమోసోములను సూక్ష్మదర్శినితో చూచుట. సాధారణముగా చూచునవి ఇరువది కణములే. మేము చిన్న లెక్క వేసి చూచితిమి: నూటికి అయిదు కణములు రోగగ్రస్తములై యున్నను, ఆ ఇరువదింటిలో ఒక్కటియు కనబడకపోవుటకు అవకాశము నూటికి 36 పాళ్లు! ఫిష్ అను రెండవ పరీక్షలో మెరయు రంగుల సాయమున రెండు వందలకు మించియు కణములను చూడవచ్చును గనుక అంతటి పొరపాటు జరుగదు. కాని ఆరోగ్యమైన కణములో సైతము రెండు రంగుచుక్కలు ఒకదానిపై నొకటి పడి రోగకణమను భ్రమ కలిగించుటయు కలదు.

మూడవదైన పి.సి.ఆర్.కు చేతినుండి తీసిన రక్తము చాలును. తునకల కలయికవలన పుట్టిన జన్యువుయొక్క ఆర్.ఎన్.ఏ.ను, సుమారు లక్ష కణములలో ఒక్క రోగకణమున్నను, అది పట్టగలదు. దాని చిక్కు మరొకటి. ఒకే రక్తమునకు రెండు ప్రయోగశాలలు రెండు అంకెలు ఇయ్యగలవు. అందులకే అంతర్జాతీయ కొలమాన మేర్పడినది, అందు 0.1 శాతము గాని అంతకు తక్కువ గాని వచ్చుట మంచి ఫలితము. మొన్న ఒకచోట 0.05, నేడు వేరొకచోట 0.2 వచ్చినంతమాత్రమున మందు విఫలమైనదనరాదు. ఒకేచోట మరల చేయించి చూడవలెను.

మరియు పి.సి.ఆర్. తాను వెదకినదానినే చూచును. ఇతర క్రోమోసోములలో కొత్తగా వచ్చిన మార్పు దానికి తెలియదు. కనుక చికిత్సారంభమున మూలుగ పరీక్షను మానరాదు. అయినను, ఏండ్లతరబడి పి.సి.ఆర్.లో వ్యాధి మిక్కిలి స్వల్పముగా నిలిచిన కొందరికి వైద్యులే మాత్రలు ఆపి చూచుచున్నారు. ఆపిన తొలి మాసములలో నెలనెలా ఈ పరీక్షనే చేయుదురు.