మీ ముత్తాత ఏ సర్వే నంబరులో ఉన్నాడు?

పాత దస్తావేజులు చదవడం గురించి కిందటిసారి నాలుగు మాటలు రాశాను. దానికి సంచీడు ఉత్తరాలు వచ్చాయి. సగం మందిది ఒకటే కోరిక: వంశవృక్షం. వాటిలోంచి అయిదు ఉత్తరాలు తీసుకున్నాను.

*ప్రశ్న: నాయన పోయి ఏడాదైంది. ఆయన ట్రంకుపెట్టెలో పాత స్టాంపు కాగితాలు దొరికాయి. ఒకదాని మీద ‘శార్వరి సంవత్సరం’ అనీ, ఇంకోదాని మీద ‘ఫసలీ 1318’ అనీ ఉంది. ఇవి ఎప్పటివి? వీటిని పట్టుకుని మా వంశం ఎంత వెనక్కి కట్టుకుపోవచ్చు? (ఒక పాఠకురాలు, కావలి)*

ఫసలీ సంగతి తేలిక. దానికి 590 కలపండి. 1318కి కలిపితే 1908. జూలై ఒకటిన మొదలయ్యే లెక్క గనక, మీ కాగితం 1908 జూలైకీ 1909 జూన్‌కీ మధ్యది. శిస్తు లెక్కలన్నీ ఈ పద్ధతిలోనే నడిచాయి.

శార్వరి దగ్గర జాగ్రత్త. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరది. 1840లో వచ్చింది, 1900లో వచ్చింది, 1960లో వచ్చింది. ఏదో తేలాలంటే కాగితం తలమీద చూడండి. విక్టోరియా రాణి ముఖం ముద్ర ఉందా? వెనకవైపు సబ్ రిజిస్ట్రారు సంతకం, నంబరు ఉన్నాయా? మన వైపు దస్తావేజుల రిజిస్ట్రేషను 1865లో గానీ మొదలు కాలేదు. రెండూ ఉంటే అది 1900 నాటిదే, 1840ది కాదు.

ఇప్పుడు ఆ కాగితం అడుగు భాగం చూడండి. అందరూ పైన అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు చదివి మడిచేస్తారు. అసలు సరుకు కింద ఉంటుంది. అమ్మినవాడి చేవ్రాలో, నిశానీయో. దాని పక్కన సాక్షులు ఇద్దరు ముగ్గురు. చివర్న ‘దస్తూరి’ అని రాసినవాడి పేరు. ఆ రోజుల్లో సాక్షిగా ఎవరిని పిలుస్తారు? దాయాదినో, బావమరిదినో, పక్క పొలం వాడినో. సాక్షి తండ్రి పేరు కూడా రాసే అలవాటుంది. ఒక్క కాగితంలో ఆరేడుగురు మగవాళ్లు, వాళ్ల తండ్రులు దొరికినా ఆశ్చర్యం లేదు. వాటిని ఒక నోటుబుక్కులో ఊరివారీగా రాసుకోండి. పేర్ల వరసలో వద్దు. మన పేర్లతో చిక్కేమిటంటే, తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఇంట్లో నూరేళ్లలో నలుగురు వెంకటసుబ్బయ్యలు ఉంటారు. ఏ వెంకటసుబ్బయ్యో చెప్పేది పొలమే.

అందుకే నా మాట ఒకటి వినండి. మనిషిని వెతక్కండి, పొలాన్ని వెతకండి. సర్కారు మన తాతల పేర్లు దాచింది వాళ్ల మీద ప్రేమతో కాదు, శిస్తు కోసం. దస్తావేజులో సర్వే నంబరు ఉంటే, కలెక్టరేటు రికార్డు గదిలో ఆ ఊరి ఆరెస్సార్, అంటే రీ సెటిల్‌మెంట్ రిజిస్టరు, అడగండి. పాతవాళ్లు డైగ్లాట్ అంటారు, ఇంగ్లీషు, తెలుగు రెండూ పక్కపక్కన ఉంటాయి గనక. సర్వే నంబరుకి ఎదురుగా అప్పటి పట్టాదారు పేరు. మీ ముత్తాత అక్కడ ఉండొచ్చు, లేకపోతే ఆయనకి అమ్మినవాడు.

మీ ఇంట్లో ఇనాం పొలం ఉండేదంటే మీ అదృష్టం. 1858లో వేసిన ఇనాం కమిషను ఊరూరా తిరిగి ఇనాములు తేల్చింది. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఇనాం మొదట ఎవరికి ఇచ్చారు, ఎవరిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి వయసెంత, మొదటివాడికి ఇతనేమవుతాడు, ఇవన్నీ గళ్లలో రాశారు. తెలియకుండానే వాళ్లు వంశవృక్షం గీసి పెట్టారు. అర్చకులు, పురోహితులు, కరణాలు, నీరుగంట్లు, మంగలి, చాకలి ఇనాములు కూడా అందులో ఉన్నాయి. ఇనాం అనగానే అగ్రహారం మాత్రమే అనుకోకండి.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో బుక్కునీ, దాని ఇండెక్సులనీ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. మూడో బుక్కు వేరు. అందులో వీలునామాలు, దత్తత అనుమతులు ఉంటాయి. అది చూడనివ్వరు గానీ, రాసిన మనిషి పోయాక ఎవరు అడిగినా నకలిస్తారు. దాని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మా జేజినాయన తమ్ముడి కోసం మూడు నెలలు వెతికాను. ఇండెక్సులో లేడు, అడంగల్‌లో లేడు, పోయినట్టు కూడా లేడు. చివరికి ఒక దత్తత అనుమతి నకల్లో దొరికాడు. పిల్లల్లేని ఒకాయన చావుబతుకుల్లో, నా తర్వాత ఫలానావారి చిన్నబ్బాయిని పెంచుకోమని భార్యకి రాసిచ్చాడు. తొమ్మిదేళ్ల పిల్లాడు ఇంటిపేరు మార్చుకుని పక్క ఊరికి వెళ్లిపోయాడు. నేను మూడు నెలలూ తప్పు ఇంటిపేరు కింద వెతుకుతూ కూచున్నాను.

ఆడవాళ్ల సంగతి మీరు అడగలేదు. ఆడపిల్లగా మీకు తట్టి ఉంటుందనుకుంటాను. దస్తావేజుల్లో వాళ్లు అరుదు. కనిపించే చోటు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన దానపత్రాలు. కూతురి పేరు, అల్లుడి పేరు, ఊరు అన్నీ అక్కడే. ఇంట్లో తద్దినం పెట్టే బ్రహ్మగారిని కూడా అడగండి. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ముత్తమ్మ పేర్లు కూడా ఆయన పలుకుతాడు. రిజిస్టరు మరిచిన ఆడవాళ్లని ఆ మంత్రం మరవలేదు.

*ప్రశ్న: మాది డర్బన్. తెలుగు చదవడం రాదు, మా పిన్ని చేత రాయిస్తున్నాను. మా తాతగారి తాత 1889లో మద్రాసు నుంచి నాటల్‌కి ఓడలో వచ్చాడు. ఆ జాబితాలో జిల్లా నెల్లూరు, ఠాణా గూడూరు, ఊరు ‘సింటావరం’ అని ఉంది. అలాంటి ఊరు లేదంటున్నారు. (ఒక పాఠకుడు, దక్షిణాఫ్రికా)*

ఊరుంది. మీ పిన్నిని ఆ పేరు గట్టిగా, తొందరగా రెండుసార్లు పలకమనండి. చింతవరం. చిల్లకూరు మండలంలో, తీరం వైపు. చెప్పినవాడు తెలుగులో చెప్పాడు, రాసినవాడికి తెలుగు రాదు. పేరు అచ్చంగా కుదిరితేనే నమ్ముతానని కూచుంటే ఏ ఊరూ దొరకదు. ఠాణా గూడూరు అని సరిపోయింది గనక నేనైతే దీన్నే ముందు చూస్తాను. గూడూరు తాలూకాలో ఇలాగే వినిపించే పేరు ఇంకోటి ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి.

మీకు ఒక సంగతి చెప్పాలి. వంశం వెతికేవాళ్లలో మీరు మాకంటే మెరుగైన స్థితిలో ఉన్నారు. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా నాటల్ వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వాళ్లలో ప్రతివాడికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు రాశారు. అదే 1889లో చింతవరంలోనే ఉండిపోయిన కూలీవాడి పేరు ఎక్కడా రాసి ఉండదు. సముద్రం దాటినవాడికి చిరునామా మిగిలింది, దాటనివాడికి అదీ లేదు. ఇది చెప్పుకోడానికి సంతోషించాల్సిన విషయమేమీ కాదు, వాళ్లని లెక్కపెట్టింది పనిలోకి అప్పగించడానికి.

ఆ నంబరు భద్రంగా పెట్టుకోండి. డర్బన్‌లో గాంధీ-లుతులీ కేంద్రంలో పెళ్లిళ్లు, బదిలీలు అన్నీ ఆ నంబరుతోనే వెతకాలి. మారిషస్ బంధువులు ఎవరైనా ఉంటే మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌ని అడగమనండి, అక్కడ కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి.

మీ ఇంటిపేరు నాయుడు అని రాశారు. అది ఇంటిపేరు కాదు, పేరు చివర తగిలించుకునే గౌరవం. అసలు ఇంటిపేరు ఓడ ఎక్కినప్పుడే రాలిపోయింది. ఇంట్లో శుభకార్యానికో, చావుకో పెద్దవాళ్లు ఇంకేదైనా పేరు పలికేవారా? ఒక మాట, ఒక దేవర పేరు, ఏదైనా సరే. అది లేకుండా చింతవరం వచ్చి ‘నాయుడుగారి వాళ్లు ఎవరు’ అని అడిగితే సగం ఊరు చెయ్యెత్తుతుంది.

*ప్రశ్న: మేము పట్టపోళ్లం. మాకు భూమి లేదు, పట్టా లేదు. మీరు చెప్పే రిజిస్టర్లలో మా తాతలెవరూ ఉండరు. మరి మాకేం దారి? (ఒక యువకుడు, కావలి తీరం)*

నీ మాట నిజమే, తమ్ముడూ. ఒడ్డున ఇసకకి పట్టా ఎవరిచ్చారు? కాగితం పల్చన. ఉన్న నాలుగూ చెబుతాను. బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఆ తేదీని మాత్రం నమ్మకు, మాష్టారు జూలై ఒకటి అని వేసేసి ఉంటాడు. మత్స్యకార సహకార సంఘం సభ్యుల పుస్తకం. దురాయిలో, అంటే కుల పంచాయతీలో, పంచుకున్న లెక్కలు, అమ్మవారి కొలుపుకి ఇంటింటి చందా రాసిన నోటుబుక్కులు. ఎవరో కాపు (కులపెద్ద) ఇంట్లో అటక మీద ఉంటాయి, చెదలు పట్టకముందే ఫోనుతో ఫొటోలు తియ్యి.

అసలు పుస్తకం మీ జేజి. ఆమెను ‘నీకెన్నేళ్లు’ అని అడిగితే చెప్పలేదు. ‘పెద్దగాలికి నువ్వెంత ఉండావు’ అని అడుగు. మన తీరంలో 1927 నవంబరులో పెద్ద తుఫాను. 1989 నవంబరులో కావలి తుఫాను. 2004 డిసెంబరు 26 సునామీ. ఈ గాలికి ఎవరు కడుపులో ఉన్నారు, ఎవరు కొత్తగా పెళ్లయి వచ్చారు, ఎవరి తెప్ప తిరిగి రాలేదు అని అడుగుతూ పో. తారీఖులు వాటంతట అవే పడతాయి. ఇంకో మాట, ఇంట్లో అరవం కలిసిన మాటలు ఆడతారు గదా, మీవాళ్లు దక్షిణాన ఏ పాళెం నుంచి పైకి వచ్చామంటారో ఆ పేరు వెంటనే రాసిపెట్టు. ఆ మాట తెలిసిన ముసలాళ్లు ఎక్కువమంది లేరు.

శ్రీహరికోటలో ఉండి రాకెట్టు కేంద్రానికి ఊరొదిలిన కుటుంబాలు కూడా ఇదే అడుగుతుంటాయి. పట్టా ఉన్నవాళ్లకి అప్పట్లో 1894 నాటి భూసేకరణ చట్టం కింద అవార్డు తయారయ్యేది. దాంట్లో సర్వే నంబరు, మనిషి, నష్టపరిహారం ఉంటాయి. అక్కడి యానాదులకి పట్టా ఉంటే కదా అవార్డు!

*ప్రశ్న: మా ముత్తాత రామాయపట్నం సెమినరీలో చదివి పాస్టరు అయ్యాడు. అంతకు ముందు ఏ ఊరో, ఏ పేరో తెలియదు. చర్చి రిజిస్టర్లలో పుట్టిన తేదీ దొరుకుతుందా? (కందుకూరు)*

దొరక్కపోవచ్చు. బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఆ రిజిస్టరులో తేదీ మీ ముత్తాత పుట్టిన రోజు కాదు, విశ్వాసంలోకి వచ్చిన రోజు. అది పుట్టుక అనుకుని చెట్టు గీస్తే పాతికేళ్లు తప్పుతారు. గూడూరు, నాయుడుపేట వైపు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ల పద్ధతి వేరు. వాళ్లు పసిబిడ్డలకే ఇస్తారు, తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. బంధువులెవరైనా అటు ఉంటే ముందు అక్కడ చూడండి.

ఓ చూపు 1878 మీద వెయ్యండి. అంతకు ముందు రెండేళ్లు కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టుకి తీసుకుని ఆకలిగా ఉన్నవాళ్లకి పని పెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమంది పేర్లు ఒకే రోజు రాస్తే పాత పేరు ఎవరు అడుగుతారు? మీ ముత్తాత వయసు ఆ లెక్కకి సరిపోతే, కొత్త పేరు అక్కడే వచ్చి ఉండొచ్చు. మిషను నివేదికలు, మిషనరీల ఉత్తరాలు అమెరికాలో, అట్లాంటాలో ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ చరిత్ర సంఘం దగ్గరున్నాయి. సెమినరీ పేరు, సుమారు ఏళ్లు చెప్పి ఉత్తరం రాయండి.

ఊరెళ్లేటప్పుడు జిల్లా గీతలు చూసుకోండి. ఒంగోలు 1904 దాకా నెల్లూరులోనే ఉండేది, తర్వాత గుంటూరుకి పోయింది. కందుకూరు 1970లో ఒంగోలు జిల్లాకి పోయింది, 2022లో మళ్లీ నెల్లూరుకి వచ్చింది. అదే ఏడు గూడూరు, సూళ్లూరుపేట తిరుపతికి వెళ్లాయి. మనుషులు కదలకపోయినా కాగితాలు బండెక్కి తిరుగుతుంటాయి. ఒక ఆఫీసులో ‘లేదు’ అంటే ‘ఎక్కడుంది’ అని అడక్కుండా వెనుదిరగకండి.

*ప్రశ్న: ఒకాయన ఇంటికొచ్చి, డబ్బులిస్తే మా వంశాన్ని కృష్ణదేవరాయల దాకా తీసుకెళ్తానంటున్నాడు. నమ్మొచ్చా? (నెల్లూరు)*

నేను పదేళ్లుగా వెతుకుతున్నాను, 1850 దాటి రెండు పేర్లే దొరికాయి. ఆయన్ని ఒక పని చెయ్యమనండి, మీ తాతగారి అమ్మ పుట్టింటి ఊరు చెప్పమనండి. చెప్పలేకపోతే టీ ఇచ్చి పంపించండి.

అయితే ఆయన్నీ, ఊరూరా తిరిగి మీ కులం గోత్రాలు పాడే వంశరాజుల్నీ ఒకే గాటన కట్టకండి. పిచ్చిగుంట్లోళ్లు అని జనం చిన్నచూపుగా అనేది వాళ్లనే. గొల్లలకి మందహెచ్చులు, మాదిగలకి డక్కలోళ్లు, అలా ఎవరికి వాళ్లున్నారు. పాట మొదటి భాగం పురాణం, అది పక్కన పెట్టండి. చివరి నాలుగు తరాల పేర్లు, ఊళ్లు మాత్రం ఎక్కడా ఆగకుండా రాసుకోండి. మా ఊళ్లో వంశరాజు ముసలాయన చెప్పిన ఒక ఊరి పేరు, ఇనాం రిజిస్టరులో ఉన్న పేరు ఒకటే అయ్యాయి. ఆయనకి రిజిస్టరు అనేది ఒకటుందనే తెలియదు. పోయిన సంక్రాంతికి మళ్లీ రాలేదు. ఆయన కొడుకు సూరత్‌లో పని చేస్తున్నాడట.