కన్యాస్త్రీల కాగితాలు - మన చరిత్ర

కొల్లిపరలో మా నాయనమ్మకి పదేళ్లప్పుడు కళ్లు పుసులు కట్టి, రెప్పలు అంటుకుపోయి, చూపు పోతుందేమోనన్నంత పని అయిందట. కరకట్ట వెంట బండిలో తెనాలి, తెనాలి నుంచి రైల్లో గుంటూరు తీసుకుపోయారు. "చూసింది దొరసాని డాక్టరమ్మే గాని, రోజూ మూడుసార్లు వచ్చి కళ్లు కడిగి మందేసింది మాత్రం కాంపౌండరమ్మ. తెల్లకోక. మాటంతా మనవైపు మాటే. ఏ వూరి పిల్లవే అని నన్నడిగింది గాని, నీదే వూరమ్మా అని నేనడగలా" అని చెబుతుండేది.

మాది హిందూ కుటుంబం. మఠానికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. ఐనా చరిత్ర చదువుకుంటున్న మనవడిగా, ఆ ఇద్దరమ్మలూ ఎవరో తెలుసుకుందామనుకున్నాను. యీ వ్యాసం ఆ వెతుకులాటలో నుంచి పుట్టింది.

దొరసానిని కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ రోజుల్లో గుంటూరు మఠం ఆస్పత్రిలో దొరసాని డాక్టరమ్మ అంటే మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. కంటి వైద్యంలో అనుభవం గడించి, 1919లో ఎం.డి. కూడా సంపాదించారు. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు డాక్టరమ్మను గురించిన చిన్న పుస్తకం చదివి, మగ డాక్టరు దగ్గరికి పోలేక పురిళ్లలో చచ్చిపోతున్న మన ఆడవాళ్ల సంగతి తెలుసుకుని మనసు మార్చుకున్నారు. 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. చేరిన మఠం జె.ఎం.జె. - అంటే యేసు మరియ జోజప్పల సంఘం. హాలెండులో 1822లో పుట్టిన యీ సంఘం గుంటూరుకు 1904లో వచ్చింది. తెనాలిలో ఆడపిల్లల కాలేజీ అంటే మనందరికీ గుర్తొచ్చే జె.ఎం.జె. కాలేజీ కూడా వారిదే, 1963లో పెట్టారు.

ఇక్కడొక విశేషం. ఆ కాలంలో కన్యాస్త్రీలు డాక్టరు పని చేయకూడదని సభ నియమం. గ్లౌరీ గారికి పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతినిచ్చారు. మిగిలినవారందరికీ ఆ అడ్డు తొలగింది 1936లోనే. అంటే పదహారేళ్ల ముందే గుంటూరులో ఒక మఠకన్య స్టెతస్కోపు పట్టుకు తిరిగిందన్నమాట. ఆమె నర్సులకూ మంత్రసానులకూ కాంపౌండర్లకూ శిక్షణ ఇచ్చారు. 1943లో బెంగుళూరులో కతోలిక ఆస్పత్రుల సంఘాన్ని స్థాపించారు. ఇవాళ దాని కార్యాలయం సికిందరాబాదులో వుంది. ఆమె 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో సభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీత పట్టానికి అది తొలిమెట్టు.

ఇంత వివరంగా ఎలా తెలిసింది? ఆమె ఇంటికి ఉత్తరాలు రాశారు. ఇంటివాళ్లు వాటిని పారేయలేదు. మెల్‌బోర్న్‌లో స్నేహితురాళ్లు ఒక సంఘంగా వుండి ఆమె జ్ఞాపకాలను పదిలపరిచారు, ఇప్పుడు అక్కడ ఆమె పేర ఒక మ్యూజియం కూడా వుంది. ఇక పునీతుల విచారణ జరగాలంటే ఆ వ్యక్తి రాసిన ప్రతి కాగితమూ సేకరించి తీరాలి. కాబట్టి వున్న కాగితం మరింత భద్రమైంది.

మరి కాంపౌండరమ్మ?

ఆమె కోసం ఒక మఠానికి పోయాను. పేరు అవసరం లేదు. నన్ను చాలా ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఆ ఏళ్ల పుస్తకాలు వెనకగదిలో ట్రంకు పెట్టెలో వుండేవనీ, చెద పట్టిందనీ, వెల్లవేసినప్పుడు మిగతావాటితో కలిపి పాత పేపర్లవాడికి వేసేశామనీ ఒక పెద్ద సిస్టరు చెప్పారు. "అవన్నీ పాతవేగా నాయనా, ఎవరికి పనికొస్తాయి?" అన్నారు. ఆమె మీద నాకు కోపం రాలేదు. మన ఇళ్లల్లో మాత్రం తాతగారి దస్తావేజులు తప్ప అవ్వగారి చీటీ ఒక్కటైనా దాచామా?

ఐతే మఠాల్లో వుండే కాగితాలు ఏమిటో తెలిస్తేగాని పోయినదేమిటో తెలియదు. విచారణ గుడిలో జ్ఞానస్నానపు పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం, చావుల పుస్తకం వుంటాయి. ఇవి తప్పనిసరి, 1983 నాటి సభాశాసనం 535వ సూత్రంలో స్పష్టంగా వుంది. స్కూల్లో చేర్చాలన్నా పెళ్లి చేయాలన్నా ఎవరో ఒకరు వచ్చి నకలు అడుగుతూనే వుంటారు గనుక అవి బతుకుతాయి. మఠం పుస్తకాలను బయటివారెవరూ అడగరు. అదే వాటికి శాపం.

మఠంలో చేరిన పిల్లల రిజిస్టరు ఒకటి. అందులో తండ్రి పేరు, వూరు, చేరిన తేదీ, వ్రతాలు పుచ్చుకున్న తేదీ రాస్తారు. రెండోది మఠం దినచర్య, ఏ రోజున ఎవరొచ్చారు, ఏ వూరికి ఎవర్ని పంపారు, కలరా ఎప్పుడొచ్చింది, బావి ఎప్పుడెండింది. ఆ తర్వాత జమాఖర్చులు, చనిపోయినవారి గురించి రాసే నాలుగు వాక్యాలు, ఆస్పత్రి పుస్తకాలు, అనాథపిల్లల పుస్తకాలు, ఫోటోలు. వీటిలో నా మటుకు నాకు మొదటి రిజిస్టరే ప్రాణం. ఎందుకంటే వెనకటి రోజుల్లో మఠంలో చేరిన పిల్లకు పేరు మార్చేవారు. ఇంటిపేరు ఎగిరిపోయేది. మన పల్లెటూరి పిల్ల ఏ ఇటలీ పునీతురాలి పేరుతోనో సిస్టరు అయ్యేది. డాక్టరైన గ్లౌరీ గారు కూడా మఠంలో సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్టే. కాని ఆమె పాతపేరును పట్టుకునేవాళ్లు ఆస్ట్రేలియాలో వున్నారు. మన పిల్ల పాతపేరుకూ కొత్తపేరుకూ మధ్య వంతెన ఆ రిజిస్టరులోని ఒక్క గీత. గీత పోతే మనిషి పోయినట్టే.

భాష సంగతి కూడా వుంది. పైవాళ్ల ఉత్తరాలు డచ్చిలోనో ఇంగ్లీషులోనో నడుస్తాయి. తెలుగు సిస్టర్లు వంటింట్లో, వార్డులో, బళ్లో మాట్లాడినది రాతలోకి ఎక్కదు. కాబట్టి చరిత్ర రాసినప్పుడల్లా దొరసానులే కథానాయికలవుతారు. ఇది వారి తప్పు కాదు. కాగితం ఎవరి వైపు వుంటే కథ వారి వైపు నడుస్తుంది.

తెలుగువాళ్లలో మొదలుపెట్టినవాళ్లే లేరా అంటే, వున్నారు. జ్ఞానమ్మ 1822లో ఫిరంగిపురంలో పుట్టింది. పంతులైన భర్త చనిపోయాక, ఇప్పటి తమిళనాడులోని కీళచ్చేరిలో 1863లో ఆడపిల్లలకు బడి పెట్టింది. మన గుంటూరు సీమ నుంచి వలసపోయిన తెలుగు కతోలికుల వూరది. మద్రాసు, ఫిరంగిపురం పునీత అన్నమ్మ సిస్టర్ల సంఘాలు రెండూ ఆమెను తమ తల్లిగా చెప్పుకుంటాయి. పంచెకట్టు సంఘసంస్కర్తల గురించి పరీక్షల్లో పేజీలు నింపుతాం గదా, యీ వితంతువు గురించి ఎంతమందిమి విన్నాం?

పడమటి దేశాల్లో ఇప్పుడు మఠాలు మూతపడుతున్నాయి. అమెరికాలో 1965లో దాదాపు 1,80,000 మంది సిస్టర్లు వుండగా, ఇప్పుడు 40,000కు లోపే. భవనాలు అమ్మేటప్పుడు పెట్టెలన్నీ ఎక్కడ పెట్టాలనే ప్రశ్న వచ్చింది. దాని మీద 2018లో బోస్టన్ కాలేజీలో పెద్ద సదస్సే జరిగింది. హాలెండులో సింత్ ఆగథా అనే చోట ఒక పాత మఠంలోనే అనేక సంఘాల పత్రాలను ఒకచోట చేర్చారు. మనకింకా పిల్లలు చేరుతున్నారు, మఠాలు నడుస్తున్నాయి, కాబట్టి తొందరేముందిలే అనుకుంటాం. కాని చెదపురుగు మఠం మూతపడేదాకా ఆగదు. ఏరు ఆగదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చినప్పుడు, కొల్లిపర వైపు కట్టమీద నిలబడ్డవాళ్లకి కింది అరలో పెట్టిన పుస్తకం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

చేయాల్సిన పని చెబుతాను, పెద్ద ఖర్చేమీ లేదు. పుస్తకాలను నేలకు జానెడు ఎత్తున, గోడకు తగలకుండా ఇనప బీరువాలో పెట్టాలి. చిరిగిన కాగితానికి సెల్లో టేపు అంటించకూడదు, పదేళ్లకి జిగురు పసుపుపచ్చగా దిగి అక్షరాన్ని తినేస్తుంది. లామినేషను అసలే వద్దు. ఒకసారి చేస్తే తిరిగి తీయలేం. ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయాలి, అదీ ఆ మొహాలను గుర్తుపట్టే ముసలి సిస్టరు బతికుండగానే. సెల్‌ఫోనుతో పేజీలన్నీ ఫోటోలు తీసి రెండుచోట్ల దాచాలి. ఐతే ఫోటో తీశాం గదా అని అసలు పుస్తకం పారేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఒక చిక్కు మాత్రం వుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అనాథపిల్లల పుస్తకంలో, బిడ్డను గుమ్మంలో వదిలిన తల్లి పేరు వుండొచ్చు. ఆస్పత్రి పుస్తకంలో ఎవరి రోగమో వుంటుంది. వీటిని అందరికీ తెరవమని నేననను. ఆ భయంతోనే కొందరు కాల్చేస్తారనీ విన్నాను. కాల్చక్కర్లేదు. సీలు వేసి, ఫలానా ఏడాది దాకా తెరవకూడదని పైన రాసి పెడితే చాలు. మనమంతా పోయాక వచ్చేవాడికి ఆ తల్లి మీద కోపం వుండదు, ఆ ఏట కరువొచ్చిందని మాత్రం తెలుస్తుంది.

ఇక రాతలో లేనిది మాటలో పట్టాలి. మన చరిత్ర, తెలుగు శాఖల విద్యార్థులు ముగ్గురు నలుగురు కలిసి, అనుమతి తీసుకుని, విశ్రాంతిలో వున్న పెద్ద సిస్టర్ల దగ్గర ఆదివారం మధ్యాహ్నాలు కూర్చోవచ్చు. దైవపిలుపు గురించి ముందే అడిగితే ప్రసంగం చెబుతారు. మీ వూళ్లో మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా, మఠానికి వచ్చిన రోజు బండిలో వచ్చారా బస్సులోనా, మొదట అప్పజెప్పిన పనేమిటి అని అడిగితే కథ వస్తుంది. నేనలా అడిగిన ఒక సిస్టరుగారు, తను చేరినప్పుడు వార్డులో మందులు కలిపే పెద్ద తెలుగు సిస్టరు ఒకామె వుండేదనీ, కళ్లు కడిగేటప్పుడు పిల్లలకి పొడుపుకథలు చెప్పేదనీ జ్ఞాపకం చేసుకున్నారు.

పేరు అడిగాను. కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, "మేమంతా కాంపౌండరమ్మ అనే పిలిచేవాళ్లం నాయనా" అన్నారు.