విదేశ విద్య: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

గ్రామమున ఒక యువకునకు అమెరికా విశ్వవిద్యాలయమున ప్రవేశము లభించినదన్నచో ఊరంతయు సంతసించును. కాని ఆ ప్రయాణమునకై తండ్రి తరచుగా తన పొలమును తాకట్టు పెట్టుటయో, విక్రయించుటయో జరుగుచున్నది. దస్తావేజుపై సాక్షి సంతకమునకును, మంచిచెడ్డల సలహాకును ఆయన వచ్చునది పంచాయతీ సభ్యుని యింటికే. కావున ఈ విషయమున సభ్యులకు కొంత పరిజ్ఞానము అవసరము.

విదేశ విద్య మనకు క్రొత్త కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇతరుల ధనసహాయముతో 1923లో బోస్టన్ నగరము చేరి, ఆసుపత్రిలో రాత్రి పని చేయుచు హార్వర్డులో చదివిరి. బోదకాలు నివారణకై మన గ్రామములలో పంచుచు వచ్చిన డి.ఇ.సి. మాత్ర ఆయన నాయకత్వమున జరిగిన పరిశోధనల ఫలమే.

అయితే మోసపోయినవారును కలరు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమును 2011 జనవరిలో అచటి అధికారులు మూసివేయించిరి. అందలి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో తెలుగువారే ఎక్కువ. కొందరి కాళ్లకు నిఘా పరికరములు తగిలించిరి. సంస్థ అధిపతికి 2014లో 16 ఏండ్లకు పైగా కారాగార శిక్ష పడినది. కాని విద్యార్థులు కోల్పోయిన ధనమును, కాలమును ఆ శిక్ష తిరిగి తేలేదు.

ఇట్టి ఆపద రాకుండ నాలుగు విషయములు విచారింపవలెను.

1. విద్యాసంస్థ: ప్రవేశమిచ్చిన సంస్థ ‘ఐ-20’ అను పత్రమును పంపును. ఆ పత్రమిచ్చుటకు అమెరికా ప్రభుత్వ అనుమతి ఉండవలెను. కాని ట్రైవ్యాలీకి సయితము ఆ అనుమతి ఉండెను. కావున అది మాత్రమే చాలదు. విద్యాప్రమాణములను పరీక్షించు సంస్థల గుర్తింపు కలదా, తరగతులు నిజముగా జరుగుచున్నవా అనియు చూడవలెను. తరగతికి పోకున్నను వీసా నిలుచునని ఏజెంటు చెప్పినచో, అది మోసమని గ్రహింపవలెను.

2. ఖర్చు: మొదటి సంవత్సరపు వ్యయమునకు ధనము కలదని విద్యార్థి చూపవలెను. కొందరు నాలుగు దినములకు అప్పు తెచ్చి బ్యాంకులో చూపుదురు. ఆ ధనము వెనుకకు పోయిన పిమ్మట ఫీజు ఎట్లు కట్టుదురు? అచట చదువు సాగు కాలమున విశ్వవిద్యాలయ ఆవరణలో వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. అనుమతి లేక వెలుపల పని చేసినచో వీసాకే ముప్పు. కావున కుమారుడు పని చేసి అప్పు తీర్చునను లెక్క నిలువదు.

3. అప్పు: నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు తెచ్చినచో, నెలకు వడ్డీయే 40 వేలగును. బ్యాంకు విద్యా ఋణము ఇంతకంటె మేలు. సాధారణముగా 4 లక్షల వరకు హామీ అడుగరు. ఏడున్నర లక్షలు దాటిన ఆస్తి తాకట్టు కోరుదురు. చదువు ముగిసిన ఒక సంవత్సరము వరకు వాయిదాలు చెల్లింపనక్కరలేదు. కాని వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును.

4. ప్రభుత్వ సహాయము: కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశ విద్యార్థి వేతన పథకము షెడ్యూల్డు కులములవారికే గాక, సంచార జాతులకు, భూమి లేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ వృత్తికారుల బిడ్డలకును వర్తించును. ఏటా 125 స్థానములు కలవు. వానిలో నూటికి 30 వంతులు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. కుటుంబ వార్షికాదాయము 8 లక్షలకు మించరాదు. కూలి కుటుంబములకు ఈ సంగతి తెలుపువారు లేక ఎందరో దరఖాస్తే చేయకున్నారు.

పొలము చదువునకై వెచ్చించుట తప్పు కాదు. కాని సాక్షి సంతకము చేయుటకు ముందు సభ్యులు ఆ తండ్రిని చెంత కూర్చుండబెట్టుకొని, పై నాలుగు విషయములను ఒక్కొక్కటిగా అడుగవలెను. వీసా చేతికి రాకమునుపు పొలము అమ్మవలదని చెప్పవలెను. గ్రామసభలో ఒక పూట ఈ ప్రస్తావన చేసినచో ఆడపిల్లల తల్లిదండ్రులకును ధైర్యము కలుగును. అర్హత గల బిడ్డ నిర్భయముగా పోవును. ఇంటి పొలము ఇంటనే నిలుచును.