బేరింగ్ మార్చే ముందు పాత షెల్ చూడండి

ప్రశ్న: కిరాయికి తిప్పే డీజిల్ కారు నాది. 2,70,000 కిలోమీటర్లు దాటింది. వారం నుంచి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అడుగు నుంచి టక్ టక్‌మని గట్టి చప్పుడు వస్తోంది. ఇంజిన్ వేడెక్కాక ఇంకా పెరుగుతోంది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఇంజిన్ దించక్కర్లేదు, ఆయిల్ ఛాంబర్ విప్పి కిందనుంచే షెల్ బేరింగులు మార్చేస్తానంటున్నాడు. ఇంకొకాయన ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినమంటారు? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఇంజిన్ ఆపండి. షెడ్డుకైనా నడుపుకుంటూ వెళ్లొద్దు, లాగించుకుని వెళ్లండి. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కొట్టుకుంటున్న ఇంజిన్‌ను ఇంకా తిప్పితే షెల్ తన గూటిలోనే గిర్రున తిరగడం మొదలుపెడుతుంది, ఆయిల్ దారి మూసుకుపోతుంది, ఆఖరికి రాడ్ విరిగి బ్లాక్‌ను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఆ తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు. ఇక మీ మెకానిక్కుల మాటకొస్తే, ఇద్దరూ బేరింగ్‌ను ఎలా మార్చాలో చెప్పారు గానీ అది ఎందుకు పోయిందో ఎవరూ చెప్పినట్టు లేదు. షెల్ బేరింగ్ దానంతటది పోవడం అరుదు. దాన్ని పోగొట్టింది మరొకటి ఉంటుంది. అది దొరక్కుండా కొత్త షెల్ వేస్తే ఆ కొత్తదీ పాతదాని దారినే పోతుంది.

‘అన్ని లక్షలు తిరిగాక అరగదా?’ అని మీరు అడగొచ్చు. అరుగుతుంది, కానీ ఎలా అరుగుతుందో చూడాలి. క్రాంక్ షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ దాని జర్నల్ (బేరింగ్‌లో తిరిగే నున్నటి భాగం) షెల్‌ను తాకదు. మధ్యలో కొన్ని మైక్రాన్ల మందాన ఆయిల్ పొర ఉంటుంది. జర్నల్ తన తిరుగుడుతోనే ఆయిల్‌ను ఇరుకులోకి లాక్కుని ఆ పొర మీద తేలుతుంది. లోహానికి లోహం తగిలేది ప్రధానంగా స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే. అందుకే ఎక్కువ దూరాలు ఏకధాటిగా తిరిగే కిరాయి బండిలో బేరింగులు అరిగితే అన్నీ దాదాపు ఒకేలా, నెమ్మదిగా అరగాలి. వారం రోజుల్లో ఒక్కచోట చప్పుడు పుట్టిందంటే ఆ ఒక్కచోట ఆయిల్ అందలేదనో, అందిన ఆయిల్ పాడైపోయిందనో, మురికి దూరిందనో అనుమానించాలి. కిలోమీటర్ల లెక్క చూసి తీర్పు చెప్పేస్తే ఆ అనుమానానికి చోటే ఉండదు.

అసలు ఇది బేరింగ్ చప్పుడేనా అన్నది తేల్చుకోవాలి. పిస్టన్ చప్పుడైతే చల్లటి ఇంజిన్‌లో ఎక్కువగా ఉండి వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. టాపెట్ చప్పుడు పైనుంచి వస్తుంది, తేలిగ్గా, క్రాంకు వేగంలో సగం వేగంతో వినిపిస్తుంది. మెయిన్ బేరింగ్‌ది లోతైన, మొద్దుబారిన దెబ్బ. మీరు చెప్పిన లక్షణాలు రాడ్ బేరింగ్ వైపే చూపిస్తున్నాయి. ఒక్కో సిలిండర్‌నూ పనిచేయకుండా ఆపి చూసి, ఏ సిలిండర్ ఆపితే చప్పుడు తగ్గుతుందో దానిదే తప్పు అని తేల్చే పద్ధతి ఒకటుంది. డీజిల్ ఇంజిన్‌లో దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. ఇంజెక్టర్ పాడై డీజిల్ సరిగా మండకపోయినా ఇలాంటి చప్పుడే వస్తుంది, ఆ సిలిండర్ ఆపగానే అదీ ఆగిపోతుంది. ఆ పరీక్ష కూడా స్కానర్‌తోనే చేయించండి. కామన్ రైల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్ పైపు వదులు చేసి చూడటం పాత అలవాటు, ప్రాణాంతకం. ఆ పైపులో 1,000 బార్‌లకు మించిన ఒత్తిడి కూడా ఉండొచ్చు, ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

చప్పుడు ఇచ్చేది అనుమానమే. సాక్ష్యం ఆయిల్ దగ్గర దొరుకుతుంది. ఆయిల్ లైటు వెలగడం లేదు కాబట్టి ప్రెషర్ బాగానే ఉందనుకోకండి. చాలా కార్లలో ఆ లైటు అర బార్ దరిదాపులకు పడిపోతే గానీ వెలగదు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, అక్కడ మామూలు ముల్లు గేజ్ బిగించి, వేడి ఇంజిన్ మీద చూడాలి. కంపెనీ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ప్రమాణం. దొరక్కపోతే వెయ్యి ఆర్‌పీఎంకు సుమారు 0.7 బార్ ఉండాలన్నది మెకానిక్కుల పాత లెక్క. బండిని నిలబెట్టి ఇంజిన్‌ను ఆ కాసేపు ఐడిలింగ్‌లో తిప్పితే చాలు, రేస్ చేయొద్దు. తర్వాత ఆయిల్ ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో పట్టుకోండి. అందులో మెరుపు పొడి కనిపిస్తే దగ్గర అయస్కాంతం పెట్టండి. బేరింగ్ పైపూతలో ఉండే అల్యూమినియం, తగరం, సీసం, రాగి దానికి అంటుకోవు. ముక్కలు అంటుకుంటున్నాయంటే నష్టం షెల్ వెనకున్న ఉక్కు దాకానో, జర్నల్ దాకానో వెళ్లిందని, లేదా ఇంకేదో భాగం అరుగుతోందని అర్థం.

ఇప్పుడు ఛాంబర్ విప్పించండి. మీ మొదటి మెకానిక్ చెప్పింది ఇక్కడివరకూ సరైనదే. విప్పిన షెల్స్‌ను చెత్తలో పడేయనివ్వకండి. ఏ సిలిండర్‌వి, పైదా కిందిదా అని వెనకవైపు మార్కర్‌తో రాయించి వరుసగా పెట్టించండి. షెల్ చుట్టూ గీతలుండి, మధ్యమధ్య రేణువులు గుచ్చుకుని ఉంటే ఆయిల్‌లో మురికి తిరిగింది. పైపూత కరిగి పక్కకు పూసినట్టుండి, జర్నల్ నీలంగా మారితే ఆయిల్ అందలేదు. అప్పుడు ఛాంబర్‌లోని ఆయిల్ స్ట్రెయినర్ చూడాలి. అక్కడ ఆయిల్ గడ్డ గానీ, గతంలో ఎవరో ఛాంబర్‌కు ఎక్కువగా పూసిన సీలెంట్ ముక్కలు గానీ అడ్డుపడి ఉండొచ్చు. నల్లగా, గుంటలు గుంటలుగా తినేసి ఉంటే పాతబడిన ఆయిలో, అందులో కలిసిన కూలెంటో కారణం. ఒక అంచున మాత్రమే అరిగితే రాడ్ వంగి ఉండొచ్చు. వీటిలో ఒక్కోదానికి ఒక్కో మందు ఉంది, ఏ మందులోనూ కొత్త షెల్ ఒక్కటే సరిపోదు.

కారణం వేరేచోట ఉండి బేరింగ్ బలైన ఘటన అమెరికాలో పెద్దఎత్తున జరిగింది. 2015 సెప్టెంబరులో హ్యుందాయ్ అక్కడ 2011, 2012 మోడళ్ల సొనాటా కార్లను దాదాపు 4,70,000 వెనక్కి పిలిచింది. క్రాంక్ షాఫ్ట్‌ను తయారుచేసేటప్పుడు ఆయిల్ దారుల్లో లోహపు పొట్టు మిగిలిపోయి, రాడ్ బేరింగులకు ఆయిల్ అందకపోవచ్చన్నది కంపెనీ చెప్పిన కారణం. బేరింగుల్లో లోపం లేదు. ఆ పొట్టు ఉన్నంతకాలం ఎన్ని జతలు మార్చినా లాభం లేదు కాబట్టే, చెడిపోయిన వాటికి ఇంజిన్ భాగాన్నే మార్చి ఇచ్చారు. మీ ఇంజిన్‌లోనూ ఒక బేరింగ్ నుంచి రాలిన పొడి ఆయిల్ కూలర్‌లో, ఆయిల్ గ్యాలరీల్లో, టర్బోకు వెళ్లే సన్న పైపులో చేరి ఉండొచ్చు. అలా చేరితే కూలర్ లోపలి మడతలను నమ్మకంగా కడగడం సాధ్యం కాదు, దాన్ని మార్చడమే మేలు.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు మైక్రోమీటర్ చెప్పాలి. జర్నల్‌ను రెండు చివర్లా, రెండు దిక్కుల్లో కొలవాలి. నున్నగా, గుండ్రంగా, మాన్యువల్ అంకెల్లో ఉండి, పొడి ఫిల్టర్ దాటి వెళ్లలేదని తేలితే, కారణాన్ని సరిచేశాక కిందనుంచే షెల్ మార్చొచ్చు. గోటికి గీత తగిలినా, కొలత కోడిగుడ్డు వాటంగా వచ్చినా ఇంజిన్ దించాల్సిందే. చప్పుడు మీరు చెప్పినంత గట్టిగా ఉంటే రెండోదే జరిగే అవకాశం ఎక్కువ. ఎమరీ కాగితంతో చేత్తో రుద్ది ‘పాలిష్’ చేస్తానంటే ఒప్పుకోకండి. గుండ్రం పోతుంది, పైగా ఆ రాయి పొడి కొత్త షెల్‌లో గుచ్చుకుంటుంది. క్రాంకును గ్రైండింగ్‌కు ఇచ్చే ముందు దానికి 0.25, 0.50 మిల్లీమీటర్ల అండర్‌సైజు షెల్స్ వస్తాయో లేదో కనుక్కోండి. కొన్ని కొత్త ఇంజిన్ల క్రాంకును గ్రైండ్ చేయడానికి కంపెనీలే ఒప్పుకోవు. రాడ్ క్యాపులు ఒకదానివి ఒకదానికి మారకూడదు, మాన్యువల్ కొత్త బోల్టులు వేయమంటే పాతవి బిగించకూడదు.

ప్రశ్న: చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుందని మా డ్రైవర్లు చెబుతారు. అలా ఇంకో ఏడాది లాగొచ్చా?

జవాబు: చప్పుడు తగ్గడం నిజమే, అందుకే ఆ మాటకు అంత నమ్మకం. చిక్కటి ఆయిల్ ఖాళీలోంచి నెమ్మదిగా కారుతుంది, గేజ్ ముల్లు పైకి లేస్తుంది. కానీ ఆ ఖాళీ రెట్టింపైతే కారే ఆయిల్ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఆ లెక్కను ఆయిల్ చిక్కదనం ఎంతకాలం కప్పిపెట్టగలదు? చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అదే ఆయిల్ బేరింగుకు ఆలస్యంగా చేరి, అసలే పూత పోయిన చోట లోహాన్ని లోహానికి రాపిస్తుంది. చప్పుడు లేకుండా కాస్త అరిగిన ఇంజిన్‌కు, మాన్యువల్ అనుమతించిన గ్రేడుల్లో ఒక మెట్టు చిక్కటిది వాడటంలో తప్పులేదు. కొట్టుకుంటున్న ఇంజిన్‌కు మాత్రం అది మందు కాదు.

ప్రశ్న: ఇంత ఖర్చు కన్నా స్క్రాప్ నుంచి పాత ఇంజిన్ తెచ్చి వేస్తే చవక కదా?

జవాబు: కొన్నిసార్లు చవకే. బ్లాక్ పగిలినా, క్రాంకు గ్రైండింగ్‌కు పనికిరాకపోయినా నేనూ అదే చెబుతాను. అయితే ఆ ఇంజిన్ చరిత్ర మీకు తెలియదు. డబ్బు కట్టేముందు దాని ఛాంబర్ విప్పి, ఒక రాడ్ క్యాపు, ఒక మెయిన్ క్యాపు తీయించి షెల్స్ చూడండి. అమ్మేవాడు విప్పనివ్వకపోతే ఆ ఇంజిన్ కొనొద్దు. కొంటే ఇంజిన్ నంబరు మార్పును ఆర్టీఏలో నమోదు చేయించుకోండి. ఏ దారిన వెళ్లినా, ఇంజిన్ బిగించాక మొదటి 1,000 కిలోమీటర్ల లోపే ఆయిల్, ఫిల్టర్ మార్చి ఆ ఫిల్టర్‌ను కూడా కోయించి చూడండి.