దేహమందలి పాతర

పూర్వము మన రాయలసీమ రైతులు పంట పండిన యేట జొన్నలను భూమిలో త్రవ్విన పాతరలలో పోసి, వానలు లేని యేట వెలికిదీసి తినుచుండిరి. 1876-78 నాటి ఘోరక్షామము వంటివి చూచిన సీమకు ఇట్టి ముందుచూపు తప్పనిసరి. మీ యింటి వృద్ధుల నడిగినచో పాతరల సంగతి చెప్పగలరు. అట్టి పాతర యొకటి మన దేహమందును గలదు. అదియే క్రొవ్వు కణము. సూక్ష్మదర్శినిలో చూచినచో, ఆ కణమును దాదాపుగా ఒకే నూనెబొట్టు నింపియుండుట కానవచ్చును.

ఈ నూనె యెచటనుండి వచ్చును? “నేయి, నూనె మానితిమి గదా, క్రొవ్వెట్లు పెరుగును?” అని మన వేంపల్లె యిండ్లలోను పెద్దలు అనుచుందురు. మధుమేహము గలవారు సైతము ఇట్లు తలంచి, అన్నము మాత్రము మితి లేక భుజింతురు. ఈ తలంపు ఎంతవఱకు నిజమో విచారింతము.

కణమునకు సరకు వచ్చు త్రోవలు మూడు. మొదటిది తినిన క్రొవ్వు. వేరుశనగనూనె జీర్ణమై రక్తములో చేరగా, సూక్ష్మ రక్తనాళముల గోడలయందున్న ఒక ఎంజైము దానిని క్రొవ్వు ఆమ్లములుగా విడగొట్టును. అవి కణములో ప్రవేశించి, మూడేసి చొప్పున ఒక్కొక్క గ్లిసరాలు అణువునకు తగుల్కొని మరల క్రొవ్వగును. ఇందొక వింత గలదు. భోజనానంతరము ఆ గ్లిసరాలు భాగమును కణము ముఖ్యముగా గ్లూకోజునుండియే చేసికొనును. అనగా నూనెను దాచుటకును అన్నము, సంగటి తోడ్పడుచున్నవి. ఈ పనులను ప్రేరేపించునది ఇన్సులిను.

రెండవది పిండిపదార్థము. గ్లూకోజు విఱిగి, రెండేసి కర్బన పరమాణువుల తునుకలగును. అట్టివి 8 కూడినచో 16 కర్బనముల పామిటిక్ ఆమ్లము ఏర్పడును. మనుష్యులలో ఈ పని ఎక్కువగా కాలేయమందును, కొంత క్రొవ్వు కణమందును జరుగును. సాధారణ భోజనమున నిట్లు పుట్టు క్రొవ్వు స్వల్పమే. అయినను అన్నము అధికమైనపుడు దేహము ముందుగా గ్లూకోజునే ఖర్చు చేయును. మిగిలిన నూనె పాతరకు పోవును. కావున అన్నము తాను క్రొవ్వు కాకున్నను క్రొవ్వును పెంచగలదు.

మూడవది మాంసకృత్తులు. ల్యూసిను, ఐసోల్యూసిను అను అమైనో ఆమ్లములు, ప్రయోగశాలలో పెంచిన క్రొవ్వు కణములలో, క్రొవ్వు తయారీకి వలయు రెండు కర్బనముల తునుకలలో 30 శాతము వఱకు సమకూర్చినట్లు 2016లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. ఇందువలన పప్పు తినుటకు భయపడనక్కఱలేదు. మిగులు ఏదైనను కణము వృథా చేయదనియే దీని భావము.

ఈ పాతర మట్టిపాతర వలె మూతవేసి యుంచునది కాదు. 1935లో న్యూయార్కునందు షూన్‌హైమర్, రిట్టెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు భారజలజనితో గుర్తుపెట్టిన క్రొవ్వును ఎలుకలకు తినిపించిరి. అందు చాలభాగము వెంటనే ఖర్చుగాక, ముందుగా నిల్వలలో చేరుట చూచిరి. అనగా నిల్వ నిత్యము నిండుచు, నిత్యము తఱుగుచుండును. ఉపవాసమునందును, పొలము పనియందును మనలను పోషించునది ఇదియే.

అయితే తఱుగుదల లేక నింపుటయే జరిగినచో కణములు ఉబ్బును. వానిలో పట్టని క్రొవ్వు కాలేయమునందును, కండరములందును చేరును. అపుడు ఇన్సులిను మాట అవయవములు సరిగా వినవు. మధుమేహమునకు ఇదియొక ముఖ్యకారణము.

గ్రాము క్రొవ్వు 9 కెలోరీలను, గ్రాము పిండిపదార్థము గాని మాంసకృత్తు గాని 4 కెలోరీలను ఇచ్చును. కావున నూనెకును కొలత వలయును, అన్నమునకును కొలత వలయును. మీ యింట నూనె మాని అన్నము పెంచిన పెద్దలున్నచో, ఈ సంగతి వారికి వినయముతో తెలుపుడు. వైద్యుని సలహా గైకొనుమని కోరుడు. పాతర నిండుట దోషము కాదు. దానిని త్రవ్వుకొను దినము రాకుండుటయే దోషము.